మిలిటరీ జీపులో మూడు పొయ్యిరాళ్లు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది సూర్యాపేటలో మా బాపు ఒక పాత మిలిటరీ జీపు కొన్నాడు. దారిపొడుగునా చెట్ల కింద దిగి వండుకుంటూ, జీపులోనే పడుకుంటూ రామేశ్వరం దాకా వెళ్దామన్నాడు. అందుకని మిర్యాలగూడ వడ్రంగితో వెనక భాగాన్ని మూరెడు పొడుగు చేయించి, ఎడ్లబండికి కట్టినట్టే పైన వెదురు తడక కట్టించాడు. అది జీపో బండో నాకు అర్థం కాలేదు.

బయలుదేరే ముందురోజు సామాను ఆయనే సర్దాడు. బియ్యం బస్తా, నీళ్ల డ్రమ్ము, పరుపులు, చివరికి మూడు పొయ్యిరాళ్లు కూడా. "దారిల రాళ్లు దొరకయా బాపూ?" అని విసుక్కున్నా వినలేదు. అన్నీ వెనక కొసకే చేర్చాడు.

కోదాడ నుంచి పిలిపించిన డ్రైవరు ఊరి చుట్టూ ఒకసారి తిప్పి దిగాడు. "ముందు చక్రాలు తేలిపోతున్నాయండీ. స్టీరింగు మాట వినడం లేదు. బరువు ముందుకు జరపండి."

"ముందటేస్తే మెడ మీద పడదా?" అన్నాడు బాపు.

"దేని మెడండీ?"

బాపు ముప్పై ఏళ్లు ఎడ్లబండి తోలిన మనిషి. ఎడ్ల మెడ మీద బరువు పడకుండా సర్దడమే ఆయనకు తెలుసు. అయోమయంగా నా వైపు తిరిగాడు.

"నువ్వు పట్నంల సదువుకున్నవ్ గద. దీని మెడ యాడుందో సూపియ్యి, నేనే జరుపుత."

నాకు ఒళ్లు మండింది. మెడ లేదని చూపించడానికే బానెట్ ఎత్తాను. ఆ ఇనుప ముక్కల్లో ఏది ఏమిటో నాకూ తెలియదు. ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది, కాసేపు నేను నిజంగానే వెతికాను.