ఆఖరి వంపు ఎవరిది?

వృత్తి శిక్షణ పొందే విద్యార్థులు పనిచేసే చోటికే వెళ్లి, వారికి పని ఎంతవరకు పట్టుబడిందో అంచనా వేయడం ఆమె ఉద్యోగం. చదివింది భౌతికశాస్త్రం. దుకాణాలవాళ్లు చాటుగా ‘తూనిక మేడమ్’ అంటారని ఆమెకు తెలుసు. ఆ పేరుపై ఆమెకు ఫిర్యాదు లేదు.

ఆనాటి పరీక్ష ఒక కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో. విద్యార్థిని దుకాణదారుకు మేనకోడలు. గట్టెక్కితే కంటి ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయం. లేకపోతే అది మరొకరికి పోతుంది.

ఆ అమ్మాయి అద్దాల అంచులు అరగదీసి, ఫ్రేములో బిగించి, కళ్లజోడును అలవాటుగా పక్కకు చాచింది. మావయ్య అంతే అలవాటుగా అందుకుని, కాడలను వేడిగాలికి చూపి, కోణం సరిచేసి, చెవి వెనక ఒదిగేలా వంచాడు. ఆ దుకాణంలో ఆఖరి వంపు ఎప్పుడూ ఆయనదే. అందులో తప్పున్నట్టు ఇద్దరికీ తోచలేదు.

“బాగుంది. మరి మార్కులు ఎవరికి వెయ్యమంటారు? మీకా, అమ్మాయికా?” అంది మేడమ్.

“అయ్యో, ఊరికే చెయ్యి వేశానంతేనండీ!”

“ఆయన చెయ్యి పడకపోతే ఆయనకి ముద్ద దిగదు మేడమ్,” అంది మేనకోడలు.

“నోర్ముయ్యవే! వేళ్లు కాల్చుకుంటావని కదా నా భయం.”

“రేపు ఆసుపత్రికి కూడా వెంట వెళ్తారా?” అంది మేడమ్.

మేడమ్ మరో ఫ్రేము తెప్పించి, ఆయన్ను ముందు గదిలోకి పంపింది.

“వేడి ఎక్కువ పెట్టకే!” అని అక్కణ్నుంచి కేక.

“గిరాకీ చూసుకో మావయ్యా!”

ఈసారి కాడలు అమ్మాయే వంచింది. కళ్లజోడును బల్లమీద తలకిందులుగా పెట్టింది. వంకర లేని జోడైతే నాలుగు చోట్లా బల్లను తాకాలి. ఎడమ కాడ వెంట్రుకవాసి లేచి ఉంది. మేడమ్ నోరు విప్పకముందే అమ్మాయికి అది కనబడింది. తలుపు వైపు చూసింది గానీ, మావయ్యను పిలవలేదు. కాడను మళ్లీ వేడిచేసి, దిద్ది, మళ్లీ పెట్టింది. జోడు నిలకడగా కూర్చుంది.

మేడమ్ మొదటి వంకరకు మార్కులు తగ్గించింది. లోపాన్ని తానే పట్టుకుని దిద్దుకున్నందుకు ఇవ్వదగినవి పూర్తిగా ఇచ్చింది. అమ్మాయి గట్టెక్కింది. తలుపు దగ్గరికి వెళ్లి మావయ్యకు ఉన్నదున్నట్టు చెప్పింది.

“మొదటిసారి కుదర్లేదటగా? నేనుండి ఉంటేనా...” అంటూ వచ్చాడు మావయ్య.

“మీరుండి ఉంటే వంకర వచ్చేది కాదు. ఉద్యోగమూ వచ్చేది కాదు.”

ఆయన తల గోక్కున్నాడు. ముందు గదిలోని గిరాకీ ఇచ్చిన జోడును తెచ్చి మేనకోడలి ముందు పెట్టాడు. తర్వాత చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, కాస్త దూరంగానే నిలబడ్డాడు.