నూనె మేస్త్రి

"నూనె మేస్త్రి పోయేరండీ!" అని పడవవాడు వీధి గుమ్మంలోంచే కేకేసేసరికి, మా కొబ్బరి కొట్టులో కాయల బల్ల అటకకి సగం దారిలో ఉంది. పిడులు తిప్పుతున్న ఇద్దరూ ఉన్నపళంగా చేతులు వదిలేసి, తువ్వాళ్ళు భుజాన వేసుకుని పరిగెత్తారు. నేను వంటింట్లోంచి వచ్చి గడప మీదే కూలబడిపోయాను. రాత్రి కాస్త ఆయాసంగా ఉందన్నారట. పొద్దున్నే కాఫీ తాగి, మళ్ళీ నడుం వాల్చినవారు ఇక లేవలేదట.

మా రాజోలు చుట్టుపక్కల ఆయన్ని ఆ పేరుతో తప్ప ఇంకోలా పిలిచినవాళ్ళు లేరు. "దుంగకి నూనె పూసి కాలు విరగ్గొట్టుకున్న మేస్త్రి" అంటే రేవులో పసిపిల్లాడు కూడా ఇల్లు చూపిస్తాడు. పన్నెండేళ్ళుగా ఆ పేరు మోశారు. పాడె మోస్తున్నప్పుడు కూడా వెనకనుంచి ఎవరో అదే పేరు అనడం నా చెవులారా విన్నాను. ఆ పేరు ఆయనది కాదు, నాది. ఆ మాట ఆయన బతికుండగా నలుగురిలో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడైనా చెప్పకపోతే నేను మనిషినే కాదు.

మా అత్తవారిది కురిడీ వ్యాపారం. దింపిన కాయని అటక మీద ఏడాది పాటు కదపకుండా ఉంచితే లోపల నీళ్ళు ఇంకిపోయి కురిడీ అవుతుంది. మా కొట్టుకి ఒకదాని మీద ఒకటి రెండు అటకలు. అంత ఎత్తుకి గంపలు మోయలేక మనుషుల నడుములు పడిపోతున్నాయని మా కొట్టులో పనంతా చూసే మేస్త్రి గారే ఒక ఏర్పాటు చేశారు. పైన వెన్నుదూలానికి గిలక. దాని మీదుగా లావుపాటి పీచు తాడు. తాడు ఒక కొసకి కాయలు పెట్టే చెక్క బల్ల. రెండో కొస కింద ఉన్న టేకు దుంగకి మూడు చుట్లు తిరిగి, ఒక మనిషి చేతిలో ఉండేది. ఇద్దరు పిడులు పట్టుకుని దుంగ తిప్పితే, తాడు దుంగని కరుచుకుని బల్ల పైకి లేచేది. ఆ రోజుల్లో మా లంకల్లో అదొక వింత. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా పిల్లని చూశాక దాన్ని చూసి వెళ్ళేవారు.

నేను కాపురానికి వచ్చిన ఏడాదే మావగారికి విషజ్వరం పట్టుకుంది. యుద్ధం ముగిసిన కొత్తలు, మందులు సరిగ్గా దొరికేవి కావు. ఆయన మంచం కొట్టు గోడ అవతలే ఉండేది. దుంగ తిరిగినప్పుడల్లా కిర్రు కిర్రుమని ఒకటే మోత. ఆ మోతకి ఆయన దవడలు బిగించుకుని మూలుగుతుంటే నా ప్రాణం గిలగిల్లాడేది. మేస్త్రి గారు ఇరుసుకి కందెన పెట్టడం నేను చాలాసార్లు చూశాను. ఇరుసుకి పెట్టినప్పుడు దుంగకి రాస్తే ఏం పోయింది అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! పనివాళ్ళు మధ్యాహ్నం అన్నాలకి వెళ్ళినప్పుడు గిన్నెడు కొబ్బరినూనె పట్టుకెళ్ళి, దుంగకీ తాడుకీ బాగా పట్టించాను. చెయ్యి పైట కొంగుకి తుడుచుకుని వచ్చి, పుణ్యం చేసినట్టు పడుకున్నాను.

అన్నాలు తిని వచ్చాక మొదటి బల్లే అది. నిజంగానే కిర్రుమనలేదు. నాకెంత సంతోషం వేసిందో! అటక అంచుకి చేరబోతుండగా తాడు దుంగ మీద జర్రున జారింది. పిడులు తిరుగుతున్నాయి, బల్ల మాత్రం కిందికి వస్తోంది. కొస పట్టుకున్న మనిషి అరచేతుల్లో తోలు లేచిపోయింది. బల్ల కింద పీచు ఊడుస్తున్న కూలి మనిషిని మేస్త్రి గారు ఒక్క ఊపున రెక్క పట్టి ఇవతలికి లాగారు. ఆవిడ బతికిపోయింది. బల్ల అంచు వచ్చి ఆయన ఎడమ పాదం మీద పడింది.

నేను గుమ్మంలోకి పరిగెత్తేసరికి ఆయన దుంగకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. పాదం చూడలేకపోయాను. ఆయన మాత్రం పాదం వైపు చూడకుండా దుంగ మీద అరచెయ్యి వేసి, ఆ చెయ్యి వాసన చూశారు. తరవాత తలెత్తి నా కొంగు మీద మరక చూశారు. దుంగంతా నూనె అని కూలీలు వేసిన కేకలు విని, గోడ అవతలనుంచి మావగారు ఉన్న ఓపికంతా కూడదీసుకుని అరుస్తున్నారు, "దుంగకి నూనె పూసిన దరిద్రుడెవడ్రా?" అని.

"నేనేనండి," అన్నారు మేస్త్రి గారు. "కిర్రుమంటోందండి. తమకి నిద్ర పట్టట్లేదని రాసేనండి."

నేను ఎవరికీ చెప్పని కారణం కూడా ఆయన ఎలా కనిపెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ ఒక్క నిమిషంలో నేను నోరు విప్పి ఉంటే ఇవాళ ఇది రాసే పనే ఉండేది కాదు.

అమలాపురం ఆసుపత్రిలో రెండు కాలివేళ్ళు తీసేశారు. తరవాత నెలన్నర బండారులంకలో కూతురింట్లో ఉన్నారు. కర్ర సాయంతో మళ్ళీ మా కొట్టుకి వచ్చిన రోజు, పెరట్లో ఎవరూ లేకుండా చూసి వెళ్ళాను.

"మేస్త్రి గారూ, ఆ నూనె..."

"ఆయ్, తెలుసండి."

"ఇవాళే మావగారితో చెప్పేస్తాను."

"వద్దండి అమ్మాయిగారూ. నేనంటే పొద్దుగూకితే మా ఇంటికి పోతానండి. మీరు ఈ ఇంట్లోనే ఉండాలి కదండి."

"ఊరంతా మిమ్మల్ని నూనె మేస్త్రి అంటున్నారండీ!"

"పేరుదేవుందండి, కాయల బల్లంత బరువుంటుందా ఏవిటి?" అని నవ్వేశారు. తరవాత నవ్వు ఆపి అన్నారు, "దుంగకి నూనె తగిల్తే పడిపోయే సరంజామా చేసింది నేనేనండి. ఆమాటకొస్తే తప్పు నాదన్నది అబద్ధం కాదండి. పని తెలియనివాళ్ళు ముట్టుకున్నా మనిషి మీద పడకూడదండి. అది ఆలోచించేనండి, అక్కడ మంచం మీద."

బండారులంకలో కూతురింటి పక్కనే మగ్గం ఉంది. నేసిన బట్ట చుట్టుకునే కర్రకి పళ్ళచక్రం, ఆ పళ్ళలో పడే చిన్న కొక్కెం ఉంటాయి. నేతగాడు చెయ్యి తీసేసినా బట్ట బిగువు సడలదు. నెలన్నర పాటు ఆయన మంచం మీదనుంచి చూసింది దాన్నే. పాత చెరకు గానుగ తాలూకు పళ్ళచక్రం ఒకటి రాజోలు సంతలో సంపాదించి, కమ్మరిచేత ఇనుప కొక్కెం చేయించి, చక్రాన్ని దుంగ చివర బిగించి, కొక్కెం దాని పళ్ళలో పడేలా అమర్చారు. తాడు కొసని దుంగకే బిగించేసి, దుంగ చుట్టూ గాడి చెక్కి, తాడు అందులో వరసగా చుట్టుకునేలా చేశారు. ఇక తాడు కరుచుకోవలసిన అవసరమే లేదు. బల్ల బరువుకి సరిపడా ఇసక మూటని ఇంకో తాడుతో అదే దుంగకి ఎదురు చుట్టుగా వేలాడదీశారు. బల్ల ఎక్కుతుంటే మూట దిగుతుంది. తిప్పేవాళ్ళకి కాయల బరువు తప్ప బల్ల బరువు తెలియదు.

పని పూర్తయిన రోజు మావగారు జ్వరం తగ్గి కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. కూలీలంతా పోగయ్యారు. బల్ల నిండా కాయలు వేయించి సగం దూరం లేపించాక మేస్త్రి గారు నా వైపు తిరిగారు.

"అమ్మాయిగారూ, గిన్నెడు నూనె ఇప్పించండి."

అందరూ గొల్లుమన్నారు. "ఉన్న వేళ్ళు కూడా పోగొట్టుకుంటావటయ్యా?" అన్నారు మావగారు. నేను గిన్నె తెచ్చి ఇచ్చాను. అదే గిన్నె. ఆయన నూనె దుంగ మీద ధారగా పోసి, తాడుకి పూసి, "వదిలెయ్యండ్రా!" అన్నారు. పిడుల దగ్గర ఇద్దరూ భయంభయంగా చేతులు తీశారు. టక్కుమని ఒక్క చప్పుడు. బల్ల అక్కడే ఆగింది. నా పక్కనుంచి వెళ్తూ, నాకు మాత్రమే వినబడేలా అన్నారు, "ఇంక ఎవరు రాసినా పరవాలేదండి."

ఊళ్ళో వాళ్ళకి అది ఇంకో తమాషా. పేరు మరింత గట్టిపడింది. నాకు మాత్రం ఆ పూటనుంచే కంటినిండా నిద్ర పట్టింది. తమాషా ఏమిటంటే కొత్త ఏర్పాటు పాతదానికంటే ఎక్కువ మోత. పన్ను పన్నుకీ టక్కు టక్కు. మావగారు మొదట విసుక్కున్నారు. తరవాత ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది ఆయనకి.

ఆ తరవాత కూడా మేస్త్రి గారు రోజూ పొద్దున్నే కొట్టులోకి రాగానే దుంగ మీద చెయ్యి వేసి వాసన చూసేవారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయ్యేది. "ఇంకా ఎందుకండీ?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "అలవాటైపోయిందండి. కొబ్బరినూనె వాసన బాగుంటుంది కదండి!" అన్నారు. కరెంటు వచ్చింది, మోటారు పెట్టిద్దామని మా ఆయన మొన్నీమధ్య అంటే, "పెట్టించండి బాబూ. కొక్కెం మాత్రం తియ్యకండి," అన్నారు. ఆయన నోట నేను విన్న ఆఖరి మాట అదే.

మావగారు పోయి ఆరేళ్ళు. అత్తగారు పోయి మూడేళ్ళు. నన్ను ఏమైనా అనేవాళ్ళు ఇంట్లో ఎవరూ మిగల్లేదు. అయినా చెప్పలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ గడిపేశాను. పచ్చిగా చెప్పాలంటే పిరికితనం, ఇంకేం కాదు.

మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్యని నేను పిన్నీ అంటాను. పక్కన కూర్చుని, ఆవిడకి అంతా తెలిసే ఉంటుందనే ధైర్యంతో, "ఆ నూనె రాసింది నేనని మేస్త్రి గారు నీకు చెప్పే ఉంటారు పిన్నీ," అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"లేదండి అమ్మాయిగారూ," అంది. "పన్నెండేళ్ళు తిట్టేనండి. కాలు నొప్పని మూలిగినప్పుడల్లా, నూనె రాయమని నీకెవరు చెప్పేరయ్యా అని తిట్టేనండి. ఒక్కసారైనా చెప్పలేదండి."

నేను ఆవిడ కాళ్ళ మీద పడి ఏడ్చాను. ఆవిడ నన్ను లేపలేదు, తొయ్యలేదు. కాసేపటికి, "ఆ దుంగ ఓసారి చూస్తానండి," అంది.

ఇద్దరం నడుచుకుంటూ కొట్టుకి వచ్చాం. మూడు రోజులుగా తలుపులు తీయలేదు. లోపలికి అడుగు పెడుతూనే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. పైన, అటకకి సగం దారిలో, బల్ల నిండా కాయలతో అలాగే ఉంది. వార్త విని పనివాళ్ళు వదిలి వెళ్ళినచోటే ఉంది.

"ఎవరు పట్టుకున్నారండి దాన్ని?" అంది గొంతు తగ్గించి.

"ఎవరూ పట్టుకోలేదు పిన్నీ."

ఆవిడ నెమ్మదిగా వెళ్ళి దుంగ మీద అరచెయ్యి వేసింది. తరవాత ఆ చెయ్యి మొహానికి దగ్గరగా తెచ్చుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసింది.