తొమ్మిదడుగుల గల్లీలో మడత బల్లలు

శుక్రవారం ఉదయం ఆరు గంటలకు కాచిగూడలో నిజామాబాద్ వైపు వెళ్ళే రైలెక్కాను. సంచిలో ఒక జత బట్టలతో పాటు ఐదు మీటర్ల ఉక్కు టేపు, కొక్కెం ఉన్న స్ప్రింగు త్రాసు, గళ్ళ నోటుపుస్తకం ఉన్నాయి. తోడు ఎవరూ లేరు. ప్రయాణాల్లో నాకు తోడు లేకపోవడం కొత్త కాదు.

ఈ ప్రయాణానికి కారణం ఫోనులో చూసిన ఒక వీడియో. బోధన్‌కు చెందిన ఒక వడ్రంగి అందులో నాలుగు మాటలు చెప్పాడు. పదడుగుల గదిలో ఐదుగురు ఉంటున్నారు. వారిలో ఒకరు నడవలేని వృద్ధురాలు, ఆమె చక్రాల కుర్చీ గదిలో గుండ్రంగా తిరుగుతుంది. ఆమెను చూసుకోవడానికి ఒక్క మనిషి చాలు. ఇంటి ముందు వేసిన బల్లల వల్ల వీధి వెడల్పు తగ్గదు. ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం బోధించిన నాకు, కొలవగలిగిన విషయాన్ని కొలవకుండా నమ్మడం చేతకాదు. కొలవకుండా కొట్టిపారేయడం కూడా తప్పే.

అసలు అవసరం మరొకటి. మా అక్క వసుంధరకు రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఏడాదిన్నరగా ఆమె ఒక సంరక్షణ గృహంలో ఉంటోంది. ప్రతి ఆదివారం "ఎప్పుడు తీసుకెళ్తావు?" అని అడుగుతుంది. "నా ఒంటి గదిలో చోటు చాలదక్కా" అని నేను చెబుతాను. ఇప్పుడా గృహాన్ని నగరానికి అరవై కిలోమీటర్ల అవతలికి మారుస్తున్నారు. అక్కను వాళ్ళతో పంపుతానో, నా ఇంటికి తెచ్చుకుంటానో సోమవారం లోపల రాసివ్వాలి. బయలుదేరే ముందు రోజు, గురువారం, నా గదిని కొలిచాను. పదకొండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు.

రైలులో ఎదురుగా కూర్చున్న పెద్దాయన నేను నోటుపుస్తకంలో గీసుకుంటున్న గళ్ళను మేడ్చల్ దాకా ఓపికగా చూసి, ఇక ఆగలేకపోయాడు.

"సర్వేనా మేడం?"

కాదన్నాను.

"గట్ల అనకుండ్రి. మా తమ్ముడు గోడ జరిపిండు, ఫీటున్నర. మోర్తాడ్‌ల దిగి జర కొలిచి పోరాదు?"

ఈ రైలు మోర్తాడ్ వెళ్ళదు కదా అని గుర్తుచేశాను. "నిజామాబాద్‌ల దిగినంక బస్సున్నది గద" అన్నాడు. కామారెడ్డి దాకా తమ్ముడి గోడ కథ విన్నాను. తమ్ముడి పక్షం కూడా వినకుండా తీర్పు చెప్పలేనంటే, "మీరు వకీలసుంటి మనిషి" అని కిటికీ వైపు తిరిగాడు.

తొమ్మిది నలభైకి నిజామాబాద్. స్టేషను బయట రెండు ఇడ్లీలు తిని, నడుచుకుంటూ బస్టాండుకు చేరాను. పసుపు అమ్మకాల రోజులు. బస్తాల లారీలు పోయిన దారిలో గాలి కూడా ఘాటుగా ఉంది. పది గంటల పది నిమిషాలకు బోధన్ బస్సు కదిలింది. ఆధార్ కార్డు చూపిన ఆడవాళ్ళకు కండక్టరు ఛార్జీ లేని సున్నా టికెట్టు ఇస్తాడు. వెనక సీట్లలో ఇద్దరు మరాఠీలో ధరలు మాట్లాడుకుంటున్నారు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పేరున్న ఊరు కదా అని నేను చెరకు తోటల కోసం బయటికి చూస్తుంటే, దారి పొడవునా వరే కనబడింది. పక్క సీటు ఆమెను అడిగాను.

"చెరుకా? గది మా బాపు కాలంల అక్కా. ఫ్యాక్టరీ మూతవడ్డంక ఎవరేస్తరు? ఇప్పుడు చక్కెర గావాల్నంటే కిరాణా దుకాణమే" అని నవ్వింది.

పదకొండుంబావుకు బోధన్ బస్టాండులో వీడియోలోని వడ్రంగి నర్సింహాచారి, ముందే ఫోను చేసి చెప్పాను కనుక, నా కోసం నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, చెవి మీద పెన్సిలు. "కొలుసుకోండ్రి మేడం. మేం చెప్పింది చెప్పినట్టుంటది" అన్నది అతని మొదటి మాట.

అతను నన్ను తీసుకెళ్ళిన గల్లీ ఉత్తర దక్షిణాలుగా ఉంది. రెండు వైపులా కలిపి పద్నాలుగు ఇళ్ళు, అన్నీ ఒంటి గదులే. ప్రతి ఇంటి ముందు గోడకు బందులతో బిగించిన ఒక బల్ల. వద్దనుకుంటే పైకి మడిచి గోడకు ఆనించి కొక్కెం పెడతారు. కావాలనుకుంటే కిందికి దించుతారు, రెండు గొలుసులు దాన్ని పట్టుకుంటాయి. నేను వెళ్ళేసరికి తూర్పు వరుస బల్లలన్నీ దిగి ఉన్నాయి. వాటి మీద బీడీలు చేసే ఆడవాళ్ళు, ఒళ్ళో చాటలు, చాటల్లో కత్తిరించిన తునికాకులు, పొగాకు. వేళ్ళు ఆగకుండానే నన్ను తేరిపార చూశారు.

గల్లీ వెడల్పు తొమ్మిదడుగుల రెండంగుళాలు. బల్ల దిగితే ఇరవై రెండంగుళాలు. మడిస్తే గోడ నుంచి మూడున్నర అంగుళాలు ముందుకు ఉంటుంది. చారి మూడే అన్నాడు. ఆ అర అంగుళం తేడాను పట్టించుకోలేదు. కానీ రెండు వరుసల బల్లలూ దిగితే మిగిలేది ఐదున్నర అడుగులు. కాళ్ళు చాపుకున్న మనుషుల మధ్య నుంచి ఆటో పోదు. వీధి వెడల్పు తగ్గదన్న మాట అబద్ధమే కదా అని అడిగాను.

"రెండు దిక్కులు ఎందుకు దించుతం?" అంది ఒకామె. వీడియోలో చూసిన గది ఆమెదే. పేరు గంగమణి. "పొద్దుగాల నీడ గీ దిక్కుంటది, మాపు గా దిక్కుంటది. ఎండల ఎవలు గూసుంటరు?"

నిలబడి చూశాను. పన్నెండుంబావు ప్రాంతంలో గల్లీలో నీడ పూర్తిగా పోయింది. చాటల మీద తడి గుడ్డలు కప్పి ఆడవాళ్ళు లేచారు, తూర్పు బల్లలన్నీ మడిచారు. ఆ ముప్పావుగంట అన్నం తినడానికి. ఒంటిగంటకు పడమటి వరుస గోడల నుంచి నీడ బయటికి రాగానే ఆ బల్లలు దిగాయి. ఉదయం పడమటి ఇళ్ళ వాళ్ళను తమ బల్లల మీద కూర్చోబెట్టుకున్న తూర్పు ఇళ్ళ వాళ్ళు ఇప్పుడు చాటలు పట్టుకుని ఎదుటివాళ్ళ బల్లల మీదికి వచ్చారు. ఎవరూ ఎవరినీ రమ్మనలేదు. ఒక ఆటో, కొంచెం విసుగుతో అయినా, పోయింది. ఈ మాట నిలిచిందని రాసుకున్నాను.

"మా నడుములు గూడ కొలుస్తవా అక్కా?" అని గంగమణి అడిగితే, "నీది కొలువాల్నంటే గా టేపు సాలదే" అని ఇంకొకామె అంది. గల్లీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

గంగమణి గది లోపల పదడుగుల నాలుగంగుళాలు, తొమ్మిదడుగుల ఎనిమిదంగుళాలు. గిన్నెలు, పెట్టెలు, పిల్లల పుస్తకాలు, అన్నీ నడుము ఎత్తుకు పైనే గోడ మీద ఉన్నాయి. నేల ఖాళీ. గంగమణి అత్త పోసవ్వ చక్రాల కుర్చీలో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. ఆమె మంచం గోడకు మడిచి ఉంది. త్రాసు తగిలించి దాన్ని ఎత్తి చూస్తే తొమ్మిది కిలోల బలం చాలింది. నా వయసు వాళ్ళు కూడా మడవగలరు. కుర్చీ తిరగడానికి నాలుగడుగుల పదంగుళాల వలయం పట్టింది. అది ఉంది.

అక్క సంగతి, నా గది కొలతలు చెబితే, చారి సుద్దముక్కతో నా గదిని గల్లీ నేల మీద అసలు కొలతల్లోనే గీశాడు. మంచం, పొయ్యి గట్టు, బీరువా, అక్క కుర్చీ తిరిగే వలయం, నా పడక. అన్నీ పెట్టగా తొమ్మిదంగుళాలు మిగిలాయి.

"సూసిండ్రా? మీ అక్కని రేపే తెచ్చుకోవచ్చు" అన్నాడు సంబరంగా.

నేను ఆ సుద్దగీతల మధ్య నిలబడ్డాను. ఏడాదిన్నరగా చెబుతున్న మాట ఒక సుద్దముక్కకు ఆగలేదు. సంతోషించాల్సిన మనిషిని, కానీ గీత దాటి ఇవతలికి వచ్చేశాను.

ఆ సాయంత్రం బస్టాండు దగ్గరి లాడ్జీలో దిగాను. కింది హోటల్లో జొన్నరొట్టె, పప్పు తిన్నాను. ఒక్కదాన్నే కూర్చున్నానని నాలుగు కుర్చీల బల్ల ఖాళీ చేయమని సర్వరు మొహమాటంగా సైగ చేశాడు. గది అలవాటుగా కొలిచాను, పది బై పది. పెద్ద మంచం, రెండు దిండ్లు. రెండో దిండును కుర్చీలోకి మార్చి పడుకున్నాను. అక్క వస్తే ఏమవుతుందని మొదటిసారి నిజంగా ఊహించాను. అర్ధరాత్రి ఆమె పిలుస్తుంది. నేను లేవాలి. ముప్పై ఏళ్ళుగా నా నిద్రలోకి ఎవరూ పిలవలేదు.

వీడియోలోని నాలుగు మాటల్లో ఒకటి మిగిలి ఉంది. ఒక్క మనిషి చాలు అన్నది. దాన్ని చూడాలంటే పొద్దున పోసవ్వను లేపే వేళకు ఉండాలి. శనివారం ఆరున్నరకు గల్లీలో ఉన్నాను. గంగమణి భర్త రైసుమిల్లు పనికి ఐదింటికే వెళ్ళిపోయాడు. పిల్లలిద్దరూ నిద్రకళ్ళతో పరుపులు చుడుతున్నారు.

గంగమణి బయటికి వచ్చి బల్ల కొక్కెం తీసింది. గొలుసులు గలగలమంటూ బల్ల దిగింది. ఆ చప్పుడు వినగానే పక్కింటామె, ఎదురింటామె వచ్చారు. ఒకామె నోట్లో ఇంకా పళ్ళపుల్ల ఉంది. ఒకరు పోసవ్వ భుజాల కింద, ఒకరు మోకాళ్ళ కింద చేతులు పెట్టారు. గంగమణి కుర్చీ పట్టుకుంది. లేపడం, కూర్చోబెట్టడం నిమిషం కూడా పట్టలేదు. ఆ ఇద్దరూ మాట్లాడుకుంటూనే వచ్చారు, మాట్లాడుకుంటూనే వెళ్ళారు.

అప్పుడే వచ్చిన చారితో అన్నాను. "ఒక్క మనిషి చాలన్నారు. ముగ్గురు పట్టారు."

అతనికి నా మాట నిజంగానే అర్థం కాలేదు. "ఒక్కతే గద మేడం, కోడలు. ఇంట్ల ఇంకెవలున్నరు?"

"మరి ఆ ఇద్దరు?"

"వాళ్ళా? వాళ్ళు పక్కపొంటోళ్ళు. వాళ్ళని గూడ లెక్కవెడ్తరా ఏంది?"

అబద్ధం ఆడే మనిషి ముఖం కాదది. అతని లెక్కలో వాళ్ళు గోడల్లాంటి వాళ్ళు, ఎలాగూ ఉంటారు. నా నోటుపుస్తకంలో ఈ మాటకు అవుననీ, కాదనీ రాయలేకపోయాను.

పోసవ్వను మళ్ళీ మంచం మీదికి మారిస్తే, నేనొక్కదాన్నే లేపి చూడవచ్చా అని అడిగాను. "రా బిడ్డా, పడేస్తే నీ మీదనే పడ్త" అంది ఆమె. గంగమణి చెప్పినట్టే చేతులు పెట్టాను. మంచం అంచు దాకా తెచ్చాను. అక్కడితో నా నడుము ఒప్పుకోలేదు. గంగమణి అందుకుంది, ఇద్దరం కలిసి కుర్చీలోకి మార్చాం.

"నీకు కోపం రావొద్దు అవ్వా, రెండు చేతులు చాలవు" అన్నాను.

"మాకేమన్న సాలినయా?" అంది పోసవ్వ. "మీ అక్కకు నువ్వున్నవ్. నీకు పక్కపొంటి ఎవలున్నరు?"

"ఎదురు ఫ్లాటు వాళ్ళున్నారు."

"పేరేంది?"

ఆరేళ్ళుగా ఆ తలుపు చూస్తున్నాను. పేరు తెలియదు. పోసవ్వ కుర్చీ చక్రాలు తనే తిప్పుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్ళి, బయట కూర్చున్న వాళ్ళను పొద్దు పొద్దున్నే తిట్టడం మొదలుపెట్టింది.

మంచం, గోడ అరలకు చారి దగ్గర కొలతల కాగితం రాయించుకున్నాను. పనికి రమ్మని మాత్రం చెప్పలేదు. పది గంటల బస్సుకు నిజామాబాద్, పన్నెండు నలభైకి తిరుగు రైలు. కిటికీ పక్క సీటు దొరికింది, పక్క సీటు ఖాళీ. కామారెడ్డి దాటాక అక్కకు ఫోను చేశాను.

"చోటుందక్కా. అన్నీ పెట్టగా తొమ్మిదంగుళాలు మిగులుతాయి."

ఆమెకు మాటలు నెమ్మదిగా వస్తాయి. నేను ఆగాను.

"నీ గది ఎప్పుడు కొలిచావు?"

"మొన్న."

"ఏడాదిన్నర... టేపు దొరకలేదా?"

నాకు భయం వేసిందని చెప్పాను. చోటు గురించి కాదు, ఇంట్లో ఇంకొకరు ఉండడం గురించి. ఇక నిన్ను పొద్దున లేపడానికి నేనొక్కదాన్ని చాలనని కూడా చెప్పాను.

"రెండో మనిషిని చూసుకో" అంది అక్క. "దొరికినా చెప్పు, దొరక్కపోయినా చెప్పు. చోటు లేదని మాత్రం ఇంక చెప్పకు."

బోధన్ వెళ్ళాలనుకునే వారికి ఒక్క మాట. చారి పని నాణ్యమైనది, కొలతలు దాదాపు నిజం. గోడకు మంచం మడిచే విద్య అతని దగ్గర ఎవరైనా నేర్చుకోవచ్చు. అయితే ఆ పదడుగుల గది పదడుగుల దగ్గర ఆగదు. పొద్దున తూర్పు బల్లల దాకా, మధ్యాహ్నం పడమటి బల్లల దాకా వెళ్ళి వస్తుంది. ఆ భాగాన్ని ఏ వడ్రంగీ మీ ఇంటికి వచ్చి బిగించలేడు.

నాలుగున్నరకు కాచిగూడ, ఐదున్నరకు ఇల్లు. లిఫ్టు దిగి నా తాళం తీయకుండా ఎదురు తలుపు గంట నొక్కాను. లోపల టీవీ శబ్దం తగ్గింది. నలభై ఏళ్ళ ఆమె, చేతికి పిండితో, తలుపు సగమే తెరిచింది.

"ఏ ఫ్లోరండీ మీది?"

"ఎదురిల్లే."

ఆమె నా వెనక ఉన్న తలుపు వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసింది. "మా వల్ల ఏమన్నా ఇబ్బందా? టీవీ సౌండా?"

"కాదండీ. మీ పేరు తెలుసుకుందామని వచ్చాను. ఆ తర్వాత ఒక సాయం అడగాలి. రోజూ ఉదయం ఒక్క నిమిషం."

ఆమె అయోమయంగా చూస్తూనే, పిండి చేతిని అడ్డం తీసి, తలుపు ఇంకాస్త తెరిచింది.