అన్న అతికించిన రెండు ముక్కలు

మధ్యాహ్నం మూడూ ఇరవైకి ఖమ్మంలోని రిపేరు దుకాణంలో అన్న బేస్ గిటార్ నా చేతికి తిరిగి వచ్చింది. టోన్ నాబు తిప్పితే గరగరమంటోందని, శుభ్రం చేస్తే చాలని చెప్పి ఇచ్చాను. అన్న పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరికం నాడు అతని బ్యాండు స్నేహితుడు సారపాకలో మా ఇంటి ముందు దాన్ని వాయిస్తానన్నాడు. ఆ ఒక్క రోజు గిటార్ అన్న చేతిలో పలికినట్టే పలకాలని నా కోరిక.

"కెపాసిటర్ గూడ మార్చినం మేడం," అన్నాడు దుకాణదారు. "పాతది ఎవడో తెల్వనోడు పెట్టిండు. రెండు ముక్కలు పక్కపక్కన అతికించిండు. గిప్పుడు మంచిది ఒక్కటే పెట్టినం. అందరు గదే పెడ్తరు."

"పాతవేవి?"

"చెత్తల పోయినయ్."

"మార్చమని నేను చెప్పిన్నా?"

అతను నాబు పూర్తిగా తెరిచి నాలుగుసార్లు తీగ మీటాడు. "ఏమన్న ఫరక్ ఉన్నదా?"

తేడా ఉండదు. నాబు తెరిచి ఉంటే ఏ కెపాసిటరైనా దాదాపు ఒకటే. మూసేకొద్దీ అది శబ్దంలో పదును ఎంత కోస్తుందో తెలుస్తుంది. అన్న ఎప్పుడూ సగానికి పైగా మూసే వాయించేవాడు. ఆ మాత్రం అడగకుండా తీసి పారేసినవాడు అన్ననే పని తెలియనివాడన్నాడు.

అన్న మిల్లులో కాంట్రాక్టు పని చేసేవాడు. ఖాళీ దొరికేది ఆదివారాలే. భద్రాచలంలో మేము చాచా అని పిలిచే రేడియో మెకానిక్ ఒకాయన, పాడైన రేడియోల్లోంచి తీసిన కెపాసిటర్లు ఒక పచ్చడి సీసా నిండా ఇచ్చాడు. "సగం వాటి మీద నంబర్లు చెరిగిపోయినయ్ బేటా. చెవికి పట్టింది ఉంచుకో, మిగిలినయ్ తెచ్చియ్," అన్నాడు.

అన్న గిటార్‌లోంచి రెండు తీగలు బయటికి లాగి, క్లిప్పులతో ఒక్కో కెపాసిటర్ తగిలించి వాయించేవాడు. స్పీకర్ పక్కన ఉంటే బరువైన శబ్దం చెవిని మోసం చేస్తుందని నన్ను వాకిలి దాటించి గేటు దగ్గర నిలబెట్టేవాడు.

"చెల్లె, ఇదెట్లుంది?"

"దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టుంది."

"ఇది?"

"తీగలు కర్రకు తగిలి టకటకమంటున్నయ్."

"నీకు ఏదీ నచ్చదు. రేపు నీకు మొగుణ్ణి ఎట్ల తేవాలె?"

"వాణ్ణి గూడ క్లిప్పుకు తగిలించి చూడు."

నాలుగు ఆదివారాలు ఇదే పని. పెద్దది పెడితే శబ్దం మూగబోయేది, చిన్నది పెడితే టకటక మిగిలేది. చివరికి రెండు చిన్నవాటిని పక్కపక్కన కలిపాడు. అలా కలిపితే రెండింటి బలమూ కూడుతుంది. మోతెక్కే మా వాకిట్లోని రేకుల పందిట్లో కూడా ఒక్కో స్వరం విడిగా వినబడే శబ్దం వచ్చింది. నేను గేటు దగ్గర చెయ్యెత్తాను. అన్న వెంటనే టంకం పెట్టేశాడు. ఆ రెండింటి మీదా నంబర్లు లేవు. రాసుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

"నంబర్ చెప్పుండ్రి మేడం, మళ్ల గవే పెడ్తం," అన్నాడు దుకాణదారు. నా దగ్గర నంబరు లేదు. చాచా లేడు, ఆయన దుకాణంలో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

సంవత్సరికం నాడు అన్న స్నేహితుడు నాబు సగానికి మూసి వాయించాడు. నేను గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మళ్లీ అదే దుప్పటి.

"మస్తుగున్నది గద చెల్లె?" అన్నాడు అతను.

"ఇది అన్న శబ్దం కాదు."

"జనానికి గంత తేడా ఏం తెలుస్తది?"

నాలుగు ఆదివారాలు ఎండలో నిలబడి విన్నది జనం కాదు. తేడా తెలియనివాళ్లు మారుస్తారు, తేడా లేదంటారు, దానికి నన్ను తలూపమంటారు. నేను తలూపలేదు. గిటార్ అడిగి తీసుకుని లోపల పెట్టాను.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ గేటు దగ్గర నిలబడి వినరు.