పిల్ల తరఫు మనిషి

ఉద్యోగం ఎట్టా వచ్చిందని ఎవరన్నా అడిగితే, ఇంటర్న్‌షిప్‌లో బాగా చేశానని చెప్తాను. అబద్ధమేం కాదు. బాగానే చేశాను. నా బాధంతా అదే.

ఎంబీఏ మొదటి ఏడాది అయ్యాక వేసవి సెలవుల్లో నరసరావుపేటలో, ట్రాక్టర్లకి లోన్లిచ్చే ఒక ఫైనాన్స్ కంపెనీలో నన్ను రెండు నెలలు ఇంటర్న్‌గా పెట్టుకున్నారు. నాతోపాటు వేరే కాలేజీ అమ్మాయి ఒకామె. చదువు అయిపోగానే ఇక్కడ ఒక్కరికే ఉద్యోగం ఉంది, ఎవరి రిపోర్టులు బాగుంటే వాళ్ళకి అని మేనేజరు మొదటి రోజే చెప్పాడు. మా నాన్న రెండో సగం వినలా. "మావోడికి ఫైనాన్సులో వచ్చింది" అని సాయంత్రానికల్లా బజారంతా చెప్పొచ్చాడు. ఇక ఆ ఉద్యోగం రాకపోతే మేము ఊరు మారాల్సిందే.

పని ఏందంటే, లోన్ అడిగినవాళ్ళ ఊరెళ్ళి, వాళ్ళు కాగితాల్లో రాసింది నిజమో కాదో చుట్టుపక్కల కనుక్కుని రావడం. షరతు ఒకటే. లోన్ సంగతి ఇరుగుపొరుగుకి చెప్పకూడదు, కస్టమర్ పరువు పోతుంది. అందుకని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, కొట్టు దగ్గర నిలబడి, "ఆ ఇంటోళ్ళు ఎట్టాంటోళ్ళు బాబాయ్? ఊరికే, తెలుసుకుందామని" అనేవాణ్ణి.

మా వైపు ఇస్త్రీ చొక్కా వాడెవడో వచ్చి ఊరికే ఒక ఇంటి గురించి అడిగాడంటే, సంబంధం వాకబు కోసమే. వాకబుకి వచ్చినవాడు ఆ మాట పైకి అనడు. "అబ్బే, అదేం కాదు బాబాయ్" అని నేనంటే, "అందరూ అట్టానే అంటార్లే" అని కుర్చీ వేసేవాళ్ళు. రెండో వారానికల్లా నేను కాదనడం మానేశాను. ఫైనాన్సు వాడికి చచ్చినా చెప్పని నిజాలు, ఒక ఆడపిల్ల జీవితం అనేసరికి జనం వాళ్ళంతట వాళ్ళే చెప్తున్నారు. నా రిపోర్టుల్లో పేజీలు పెరిగాయి. నాతోపాటు చేరిన అమ్మాయివి రెండు లైన్లు దాటేవి కావు. ఆడపిల్ల వచ్చి అడిగితే సంబంధమని ఎవరనుకుంటారు?

నకరికల్లు వైపు ఒక ఊళ్ళో ముప్పై అయిదేళ్ళ ఆయన ట్రాక్టరు లోనుకి పెట్టుకున్నాడు. పక్కింటి పెద్దావిడ అరుగు మీద మిరపకాయలు ఏరుతా ఉంది.

"ఏ ఊరు అబ్బాయ్ మీది?"

"పేట."

"పిల్ల నీకేమవుద్ది?"

నవ్వాను. నవ్వితే అబద్ధం చెప్పినట్టు కాదని అప్పట్లో నా నమ్మకం.

ఆవిడ గొంతు తగ్గించింది. "కుర్రోడు చానా మంచోడు. తాగడు. కానీ ఆడపిల్ల గొంతు కొయ్యలేను నాయనా. ఆ మూడెకరాలు ఆడిది కాదు. పాసుపుస్తకం తాత పేరునే ఉంది గానీ, పంపకాల్లో ఆ పొలం ఆడి బాబాయికి పోయింది. ఈడు కౌలుకి చేస్తన్నాడు. నేను చెప్పానని చెప్పమాకు."

కావాల్సింది దొరికింది. బండి ఎక్కబోతుంటే ఆవిడే గోడ మీంచి కేకేసింది. "ఏమే వదినా, మీ ఇంటికి మనుషులొచ్చారు!"

ఆయన తల్లి పరుగున వచ్చింది. కుర్చీని చీర కొంగుతో తుడిచింది. కొట్టు నుంచి కూల్ డ్రింకు తెప్పించి స్టీలు గ్లాసులో పోసి, నేను తాగిందాకా నిలబడే ఉంది.

"వ్యవసాయం అంటే ఎవరూ పిల్లనియ్యట్లా బాబూ. ట్రాక్టరు తీసుకుంటన్నాడు, లోను పెట్టాడు. ట్రాక్టరుంటే ఎవరన్నా వస్తారనుకున్నా. అది రాకముందే నువ్వొచ్చావు."

అప్పుడన్నా చెప్పాల్సింది. "లేదు పిన్నీ, నేను ఆ లోను తాలూకు మనిషిని." నోట్లో కూల్ డ్రింకు ఉందని ఊరుకున్నాను. మింగాక కూడా ఊరుకున్నాను. లోపలికెళ్ళి కొడుకు ఫోటో తెచ్చి నా చేతిలో పెట్టింది. స్టూడియోలో దిగింది, వెనకాల జలపాతం. తీసుకున్నాను. అంతటితో ఆగితే బాగుండేది. ఫైలు నిండుగా కనపడుద్దని ఆ ఫోటోని రిపోర్టుకి పిన్ను కొట్టి ఇచ్చాను.

మేనేజరు ఆ రిపోర్టుని ఆ అమ్మాయి ముందే పైకి చదివాడు. "వెరిఫికేషన్ అంటే ఇదమ్మా." లోన్ ఆగిపోయింది. నాకు ఆఫర్ లెటర్ వచ్చింది. మా నాన్న బజారంతా రెండోసారి తిరిగాడు, ఈసారి మైసూర్‌పాక్‌తో. రిపోర్టులో తప్పేం లేదు, పొలం నిజంగానే ఆయనది కాదు. కనీసం తప్పు రాసి ఉంటే క్షమించమని అడగడానికన్నా ఒక కారణం ఉండేది.

ఇంటర్న్‌షిప్ చివరి రోజు ఆయన బ్రాంచికొచ్చాడు. జలపాతం లేకపోయినా గుర్తుపట్టాను. నా బల్ల ముందు నిలబడి చొక్కా వంక చూశాడు.

"బులుగు చొక్కా, బక్కపల్చన, కూల్ డ్రింకు మొత్తం తాగాడని మా అమ్మ చెప్పింది. నువ్వేనా తమ్ముడూ?"

తలూపాను.

"పిల్ల తరఫోళ్ళు ఏమన్నారని రోజూ అడుగుతంటే, జాతకాలు కుదర్లేదంట అని చెప్పాన్లే. నువ్వు ఫైనాన్సోడివని తెలిస్తే ఆ పక్కింటామెతో జన్మలో మాట్లాడదు." చెయ్యి చాపి, "ఆ ఫోటో ఇయ్యి. మంచిగా పడ్డది అదొక్కటే" అన్నాడు.

ఫైలు తీసి గోటితో పిన్ను లాగాను. నుదుటి పైన రెండు చిల్లులు పడ్డాయి. బొటనవేలితో రుద్దితే పోతాయేమోనని రుద్దాను. ఆయన చూసి, "పర్లేదులే" అని జేబులో పెట్టుకుని వెళ్ళాడు. చావింట్లో కూడా ఏదో ఒక జోకు వెయ్యకుండా ఉండలేనని మా ఇంట్లో నాకు పేరు. ఆ రోజు ఒక్కటీ రాలేదు.

చదువయ్యాక అదే బ్రాంచిలో చేరాను. ఆ ఊరి ఫైలు వస్తే ఇప్పటికీ పక్కవాళ్ళకి ఇచ్చేస్తాను. ఆ రూట్లో ఎండ ఎక్కువ, నాకు పడదని చెప్తాను. మొన్న జోరువానలో కూడా అదే చెప్పాను.