చిలుకమ్మ పిక్చర్స్ వారి పీనుగ

చిలుకమ్మ పిక్చర్స్ వారి దయ్యాల సినిమాలంటే ఒకప్పుడు మా వరంగల్ నుంచి మంచిర్యాల దాకా పేరు. డెబ్బై తొమ్మిదిలో మొదలుపెట్టి, ఎనభై ఆరులో ఊరూరా వీడియోలు వచ్చి టాకీసుల పొట్ట కొట్టేదాకా ఆ కంపెనీ తీసినవన్నీ దయ్యాలే. ఇప్పటికీ ఎవరిని కదిలించినా "అబ్బో, రాజేశ్వర్ రావుది ఏం బుర్ర! శవాన్ని నవ్వించాలని ఇంకెవడికి తడుతుంది?" అంటారు. వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ కంపెనీ యజమాని బుర్రను నేను దగ్గర్నుంచి చూసినదాన్ని. కంపెనీకి బట్టలు కుట్టింది నేనే, టైలర్ సరస్వతిని. ఆ నవ్వు ఆయన బుర్రలోంచి రాలేదు. మట్టెవాడలో మా పక్కింటి సోమక్క నోట్లోంచి వచ్చింది.

సోమక్క స్టేషన్ ఘన్‌పూర్ అవతలి పల్లె నుంచి మా వాడకు కోడలుగా వచ్చింది. భర్త సారయ్య కాజీపేటలో రైలు పట్టాల మీద గ్యాంగ్ పని చేసేవాడు. ఆమె మిర్చి మార్కెట్లో తొడిమలు తీసేది. చేతుల మంట ఎంత ఘాటో నోరూ అంతే ఘాటు. నవ్విందంటే వీధి చివర సైకిల్ మీద పోయేవాడు కూడా వెనక్కి తిరిగి చూసేవాడు. అలాంటి మనిషి రెండుసార్లు పురిటికి దవాఖానకు పోయి, రెండుసార్లూ ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. పుట్టిన పిల్లలు కళ్ళు కూడా తెరవలేదు. అప్పటి నుంచి ఆ నవ్వు మళ్ళీ వినలేదు మేం.

రాజేశ్వర్ రావుకు హనుమకొండలో ఫోటో స్టూడియో. పెళ్ళి ఫోటోలు తీసీ తీసీ విసుగొచ్చి, తల్లి చిలుకమ్మ పేరు మీద సినిమా కంపెనీ పెట్టాడు. అప్పుడు దయ్యాల ఊసే లేదు. చూసినవాళ్ళు కుళ్ళి కుళ్ళి ఏడ్చే కుటుంబ కథ తీస్తానన్నాడు. కెమెరా హైదరాబాద్ నుంచి కిరాయికి తెచ్చాడు. ఫిల్మంటే మద్రాసులో పెద్ద కంపెనీలు వాడగా మిగిలిన ముక్కలు. వేషాలు మా వాడవాళ్ళవే. కథలో తల్లి చచ్చిపోవాలి. ఆ వేషం అనగానే ఆడవాళ్ళంతా దండం పెట్టి తప్పుకున్నారు.

"పండుకునుడే గదా, నేనేస్త తియ్యి సారూ. మిర్చి కల్లంల కూసునుడు కంటే నయమే" అంది సోమక్క.

సినిమా వాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా చచ్చిపోయినట్టు చేస్తే, ఆ షాట్ అయిపోగానే అదే పాడె మీద నుంచి వాళ్ళు లేచి కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వును కూడా ఫిల్ము మీద పట్టాలి. అప్పుడే కీడు పోతుందని నమ్మకం. తర్వాత ఆ ముక్క కత్తిరించి పక్కన పడేస్తారు, బొమ్మలో ఉండదు.

ఖిలా వరంగల్‌లో ఒక పాత పెంకుటింటి వాకిట్లో ఆ సీను తీశారు. నేనే తెల్లబట్ట కప్పాను. సోమక్క ఊపిరి బిగపట్టి పడుకుంది. చుట్టూ ఆడవాళ్ళు నిజంగానే ఏడ్చారు. "కట్" అన్నాడు రాజేశ్వర్ రావు. ఇక లేచి నవ్వమనాలి. సరిగ్గా అప్పుడే కెమెరాలో ఫిల్ము అయిపోయింది. వెతికితే ఇంకో ముక్క లేదు.

"ఫికర్ చెయ్యకు సోమక్కా, ఫిల్ము రాంగనే నవ్వు తీద్దాం" అన్నాడు ఆయన, అదేదో చిల్లర సంగతి అయినట్టు.

సోమక్క ముఖం పాలిపోయింది. ఇంటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"సరస్వతీ, నాకు నెల తప్పింది. ఎవ్వరికీ చెప్పలే. చెప్తే ఈసారి గూడ దిష్టి తగుల్తదని భయపడ్డ."

అత్త కట్టమ్మకు తెలిసిన రోజు మా వాడంతా దద్దరిల్లింది. "కడుపుతోని ఉండి పీనుగ వేషం ఏస్తవానే? నీకేమన్న పిచ్చి లేసిందా? ఇద్దరు పోయింది సాలదా?" అని నెత్తి కొట్టుకుంది ముసలమ్మ. కోడల్ని తిట్టింది గానీ, ఆ ఏడుపంతా పుట్టబోయే బిడ్డ కోసమే. సోమక్క అన్నం మానేసింది. "నవ్వు తియ్యలే, నేనింక సచ్చే ఉన్న" అని ఒకటే జపం. జ్వరం కూడా తగులుకుంది. డాక్టరమ్మ చూసి, బిడ్డ బాగానే ఉంది, తల్లికే తిండి లేదంది. ఆ మాట సోమక్క చెవికెక్కితేగా!

నేను స్టూడియోకు పోయి రాజేశ్వర్ రావును కడిగిపారేశాను. ఆయన చెడ్డవాడు కాదు, పాపం. రోజూ కాజీపేట స్టేషన్‌కు పోయి మద్రాసు బండి కోసం కాచుకున్నాడు. చివరికి ఒక డబ్బా వచ్చింది. అదే వాకిలి, అదే పాడె, అదే తెల్లబట్ట. సోమక్క పడుకుంది, లేచింది, నవ్వాలి. నవ్వబోతే ఏడుపొచ్చింది. ఇంకోసారి అంటే ఇంకా ఏడ్చింది. కెమెరా పట్టినాయన తలపట్టుకున్నాడు, ఉన్న ఫిల్ము కాస్తా అయిపోతోంది.

అప్పుడు కట్టమ్మ విసురుగా పోయి కెమెరా పక్కన నిలబడింది. "ఏడుసుడేందే! ఇట్ల నవ్వాలె, సూడు!" అంటూ నోరంతా తెరిచి చూపించింది. ఆ నోట్లో మిగిలినవి రెండే పళ్ళు, అవీ ఒకటి అటు, ఒకటి ఇటు. సోమక్క అత్త ముఖం చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత పొట్ట పట్టుకుని పకపకా నవ్వింది. పాత నవ్వే! మేమందరం నవ్వాం. కట్టమ్మ ఒక్కతే "ఏందే, ఎందుకు నవ్వుతాన్రు?" అని కోప్పడింది.

అంతటితో అయిపోలేదు. "బొమ్మ పడ్డదో లేదో! నా కండ్లతోని చూస్తెనే నమ్ముత" అని సోమక్క పట్టుబట్టింది. ఫిల్మంతా కడిగి అతకడానికి అప్పటికే మద్రాసు పోయింది, రాజేశ్వర్ రావు అక్కడికి ట్రంకాల్ చేశాడు. పక్కనే ఉన్నాను నేను. అవతల ఎడిటర్ బెజవాడ వైపు మనిషి. ఫోనులో గరగర.

"నవ్వే ముక్క కత్తిరించి పడేశానండీ" అన్నాడట ఆయన.

"అయ్యో, పారేయకున్రి! మల్ల చూపియ్యాలె, పెట్టున్రి! మల్ల!" అని అరిచాడు మావాడు.

మా దగ్గర 'మల్ల' అంటే తర్వాత. ఆ ముక్క దాచిపెట్టండి, తర్వాత సోమక్కకు చూపించాలి అని ఈయన చెప్పాడు. ఆయన వైపు అదే మాటకు అర్థం మళ్ళీ, ఇంకోసారి. మళ్ళీ చూపించాలట, పెట్టమంటున్నారు అనుకున్నాడు ఆ మహానుభావుడు. ముక్క తీసుకెళ్ళి సినిమాలో అంటించేశాడు. మద్రాసు పోయి చూసుకొచ్చే స్తోమత ఇక్కడెవరికుంది? డబ్బాలు నేరుగా థియేటర్‌కే వచ్చాయి.

మొదటి ఆట మ్యాట్నీ. సోమక్కకు నెలలు నిండుతున్నాయి. ఒక పక్క నేను, ఒక పక్క కొంగులో వేపాకు కట్టుకుని కట్టమ్మ. తల్లి చచ్చిపోయే సీను రాగానే హాలంతా ముక్కులు చీదుతోంది. ఏడుపులు వినపడుతున్నాయి, కర్పూరం పొగ తేలుతోంది. తెర నిండా సోమక్క ముఖం. చటుక్కున కళ్ళు తెరిచింది. లేచి కూర్చుంది. మమ్మల్నే చూస్తూ, పళ్ళన్నీ కనపడేలా పకపకా నవ్వింది. వెనకాల ఆడవాళ్ళ శోకాలు అలాగే సాగుతున్నాయి.

"ఓరి నాయనో! దయ్యం!" అని ఒకడు గావుకేక పెట్టాడు. కుర్చీలు విరిగాయి. చెప్పులు వదిలేసి పరిగెత్తినవాళ్ళు పరిగెత్తారు. అంత గోలలో మా సోమక్క లేచి నిలబడి, "అగో, నేనే! లేచిన! చూడుండ్రి, నవ్వుతాన!" అని చప్పట్లు కొడుతూ నవ్వింది. తెర మీద నవ్వుతున్న శవం హాల్లో కూడా నిలబడి నవ్వుతుంటే ముందు వరసలో ఒకామె సొమ్మసిల్లింది. సోమక్కకు ఇవేవీ పట్టలేదు. నా భుజం మీద వాలి, "ఇగ బతికిన సరస్వతీ" అంది. నా మనసు ఎంత తేలికపడిందో మాటల్లో చెప్పలేను.

రాజేశ్వర్ రావు గేటు దగ్గర కూలబడ్డాడు, కొంప మునిగిందని. మర్నాడు చూస్తే అదే గేటు దగ్గర జనం తోసుకుంటున్నారు, నవ్వే పీనుగను చూడాలని. పారిపోయినవాళ్ళే చుట్టాలను వెంటేసుకుని వచ్చారు. కుటుంబ కథ పోస్టర్ల మీద "గుండె ధైర్యం ఉంటేనే రండి" అని కాగితం ముక్కలు అతికించాడు. అలా మొదలయ్యాయి చిలుకమ్మ పిక్చర్స్ వారి దయ్యాలు. ఇదీ ఆయన బుర్ర సంగతి.

కొద్దిరోజులకు ఒక ఉదయం సోమక్కకు నొప్పులొచ్చాయి. దవాఖాన వరండాలో మేమంతా కూర్చున్నాం. సారయ్య డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. రాజేశ్వర్ రావు కూడా వచ్చి ఒక మూల నిలబడ్డాడు, తప్పు చేసిన పిల్లాడిలా. లోపల సోమక్క అరుపులు ఆగిపోయాయి. ఆ తర్వాత చప్పుడు లేదు. కట్టమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎనుకటిసారి గూడ గిట్లనే... రెండుమాట్ల గిట్లనే సప్పుడు లేకుంటాయె" అంది గొణుగుతూ.

దేవుణ్ణి తలుచుకుందామంటే ఒక్క దేవుడి పేరూ గుర్తు రాలేదు నాకు.

అప్పుడు వినపడింది. మొదట సన్నగా, తర్వాత దవాఖాన పైకప్పు లేచిపోయేంత గట్టిగా ఏడుపు. "ఏడ్చింది! ఏడ్చిందే!" అంటూ కట్టమ్మ లేచి చిందులేసింది. సారయ్య గోడకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. రాజేశ్వర్ రావు వెళ్ళి నర్సుకు దండం పెట్టాడు, ఆమెకేమీ అర్థం కాలేదు.

లోపలికి పోతే సోమక్క పక్కన ఎర్రగా, గుప్పెడంత ఆడపిల్ల. సోమక్క పిల్లను చూడటం లేదు, మా ముఖాలు చూస్తోంది.

"ఏడ్చింది గదా? మీరు గూడ ఇన్నరా?"

"ఇన్నం అక్కా, అందరం ఇన్నం."

అప్పుడు తల తిప్పి బిడ్డ వైపు చూసింది. పిల్ల గుక్కపట్టి ఇంకా ఏడుస్తూనే ఉంది. ఊరుకోబెట్టాలని మాలో ఎవరికీ అనిపించలేదు.