మొదటి పిలుపుకే పలికాను

దెయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే, ఆ టైములో మీ కళ్ళజోడు ఎక్కడుందని అడిగే రకం నేను. ఖిదిర్‌పూర్‌లో మా డాక్ క్వార్టర్స్‌లో అలాంటి కథలకు కరువు లేదు. శ్రీకాకుళం నుంచి మావాళ్ళు మోసుకొచ్చినవి కొన్ని, ఇక్కడి బెంగాలీలవి కొన్ని. అన్నిటికీ నవ్వేదాన్ని. ఇది చదివి మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

పావని కడుపులో ఉండగా నాకు మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది కానీ రెండు చెవులూ పోయాయి. పుట్టినప్పుడు దాని ఏడుపు వినలేదు, దాని మొదటి మాట వినలేదు. పెదాలు చూసి మాటలు పోల్చుకోవడం నేర్చుకున్నాను. అది "అమ్మా" అంటే పెదాలు ఎలా కలిసి విడిపోతాయో తెలుసు. గొంతు ఎలా ఉంటుందో తెలియదు. ఏడేళ్ళు అలాగే గడిచాయి.

చెవి లోపల యంత్రం అమర్చే ఆపరేషన్ ఉందని తెలిసినప్పుడు భయపడుతూనే ఒప్పుకున్నాను. నాకు కావలసింది ఒక్కటే, నా కూతురు నన్ను అమ్మా అని పిలిస్తే వినడం.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు కాగితం మీద రాసి మరీ చెప్పారు. లోపల పెట్టినది ఒక్కటే పనిచేయదు. గాయం మానాక, నెల రోజులకు, బయటి మిషన్ తగిలించి ఆన్ చేస్తారు. అప్పటిదాకా ఏమీ వినపడదు. హోరు లాంటిది వస్తే కంగారు పడొద్దు.

హోరు వచ్చింది. కుట్లు లాగేవి, లేస్తే తల తిరిగేది, ఏం తిన్నా ఇనుప రుచే. వీటన్నిటికీ సిద్ధంగానే ఉన్నాను.

పదో రోజు మధ్యాహ్నం. ఆయన డ్యూటీలో, పావని బడిలో, మా అత్త కింద కుళాయి దగ్గర ఉన్నారు. నేను మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. మెట్ల వైపు నుంచి "అమ్మా" అని వినపడింది.

స్పష్టంగా, ఆడపిల్ల గొంతు.

మనిషి కనపడకుండా పిలుపు వినిపిస్తే మూడోసారి దాకా పలకకూడదని చిన్నప్పుడు మా అమ్మ చెప్పేది. బెంగాలీలదీ అదే మాట. నిశి అంటారు ఆ దెయ్యాన్ని, రెండుసార్లే పిలుస్తుందట, పలికినవాళ్ళను వెంట తీసుకుపోతుందట. కానీ ఏడేళ్ళుగా ఎవరి పిలుపూ వినని మనిషికి అది గుర్తుంటుందా? మా ఇంట్లో నన్ను పిలవాలంటే కాలితో నేల తన్నేవాళ్ళు, లేదా లైటు ఆర్పి వేసేవాళ్ళు.

"ఆఁ, వస్తున్నానమ్మా" అని మొదటి పిలుపుకే పలికాను.

తలుపు తీస్తే మెట్ల మీద ఎవరూ లేరు. అప్పుడే అత్త బిందెతో పైకొచ్చింది. "ఎవులితో మాటాడతన్నావు?" అన్నాయి ఆమె పెదాలు. చెప్పాను. బిందె అక్కడే దించేసింది.

"ఎన్నోసారికి పలికినావే?"

మొదటిసారికే అన్నాను. సాయంత్రం అత్త గుమ్మానికి వేపాకు కట్టింది. నాకు భయం లేదు సరికదా, ఆపరేషన్ ఫలించిందని పొంగిపోయాను. ఎంత వెర్రిదాన్ని!

రోజూ అదే వేళకు ఆ పిలుపు వచ్చేది. రోజూ కాస్త దగ్గరగా వచ్చేది. కుట్లు విప్పిన రోజు డాక్టరుకు చెబితే, అది మీ మెదడు తయారుచేసుకున్న శబ్దం అని రాసి ఇచ్చారు. చదువుకున్నాయన మాట కదా, నమ్మాను.

మరుసటి వారం పావనికి జ్వరం వచ్చి బడికి వెళ్ళలేదు. మధ్యాహ్నం నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. కళ్ళు తెరిచే ఉంది, నోరు మూసే ఉంది. గడియ వేసిన తలుపుకు సరిగ్గా అవతల నుంచి "అమ్మా" అని వినపడింది.

నేను పలకలేదు. పావని తల ఎత్తి తలుపు వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, నాకు అర్థమయ్యేలా మెల్లగా పెదాలు కదిపింది.

"ఎవులది? నిన్ను అమ్మా అంతన్నాది ఏటి?"

దాని రెండు చెవులూ చేతులతో మూసేశాను. మళ్ళీ ఒకసారి వినపడింది. మూడోసారి రాలేదు. అత్త వచ్చేదాకా మేమిద్దరం మంచం మీంచి కదల్లేదు.

ఆన్ చేయాల్సిన రోజు బంద్ వచ్చిపడి, పని ఇంకో వారం వెనక్కి పోయింది. ఆ వారం మధ్యాహ్నాలన్నీ కింది వాటాలో ఉండే, మేం బౌది అని పిలిచే బెంగాలీ వదిన ఇంట్లోనే గడిపాం.

చివరికి మిషన్ తగిలించారు. మొదట రేకు మీద గులకరాళ్ళు దొర్లినట్టు వినపడింది. కాసేపటికి, అమ్మను పిలవమని పావనికి సైగ చేశారు. అది నన్ను చాలాసేపు చూసింది. తర్వాత బెంగాలీ పిల్లల్లా "మా" అంది. అమ్మా అనమని వాళ్ళ నాన్న ఎంత బతిమాలినా తల అడ్డంగా ఊపింది. నేను ఏడ్చాను. అందరూ ఆనందబాష్పాలనుకున్నారు.

ఆ పిలుపు మళ్ళీ నాకు వినపడలేదు. నా మెదడు చేసిన శబ్దమే అయితే పావనికి ఎలా వినపడింది? అది జ్వరంలో పలవరించిందంటే, సరిగ్గా అదే క్షణంలో నేనెలా విన్నాను?

పావని ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. నేటికీ నన్ను మా అనే పిలుస్తుంది. మొన్న ఉండబట్టలేక, ఒక్కసారి అమ్మా అనవే, అది వినడానికే కదా తల కోయించుకున్నాను అన్నాను.

"అలాగ పిలిస్తే, నువ్వు పలికింది నాకో దానికో నాకెలాగ తెలుస్తాది?" అంది.